పిల్లల ఫ్యాటీ లివర్‌కు మైక్రోఆర్‌ఎన్‌ఏ రక్త పరీక్ష అవసరమా?

మీరు అడిగింది ఇదీ. బాబుకు పదకొండేళ్లు, ఊబకాయం ఉంది. ఏఎల్‌టీ, అంటే రిపోర్టుల్లో ఎస్‌జీపీటీ అని కనిపించేది, 58 వచ్చింది. అల్ట్రాసౌండ్‌లో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ అన్నారు. బయాప్సీ లేకుండానే, రక్తంలో మైక్రోఆర్‌ఎన్‌ఏలు కొలిచి కాలేయం ఏ దశలో ఉందో చెబుతామని ఒక ల్యాబ్ అంటోంది. చేయించాలా?

వద్దు. మీ బాబుకు ఇప్పుడు ఏం చేయాలో ఆ ఫలితం తేల్చదు. ఎక్కువ వచ్చినా తక్కువ వచ్చినా తర్వాతి అడుగు అదే. అయితే ఇంతటితో ఆపేయడం నాకు ఇష్టం లేదు. దీని వెనక ఉన్న శాస్త్రం నిజమైనది, మీరు చదివిన వాటిలో చాలావరకు అబద్ధం కాదు. పిల్లల కాలేయ వ్యాధులు చూసే డాక్టరుగా ఈ పరిశోధనను ఏళ్ల తరబడి ఆశతో గమనిస్తున్నాను. పసివాడికి మత్తిచ్చి, సూదితో కాలేయం ముక్క తీయాల్సిన అవసరం లేని రోజు రావాలని మనసారా కోరుకుంటాను. ఆ రోజు ఇంకా ఎందుకు రాలేదో చెబుతాను.

ముందు మైక్రోఆర్‌ఎన్‌ఏ సంగతి. జన్యువులోని సమాచారం మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏగా నకలవుతుంది, దాన్ని చదివి కణం ప్రొటీన్ తయారు చేస్తుంది. మైక్రోఆర్‌ఎన్‌ఏ సుమారు 22 అక్షరాల పొడవుండే చిన్న ఆర్‌ఎన్‌ఏ. తనకు జోడీ కుదిరే వరుస ఉన్న మెసెంజర్‌కు అతుక్కుని, ఆ ప్రొటీన్ తయారీని తగ్గిస్తుంది. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కున్ బృందాలు మిల్లీమీటరు పొడవుండే ఒక పురుగులో దీన్ని కనిపెట్టాయి. ఆ ఇద్దరికీ 2024లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. మనుషుల్లో ఇప్పటికి 2,600 దాకా మైక్రోఆర్‌ఎన్‌ఏలు నమోదయ్యాయి. ఒక్కోటి వందల జన్యువుల మీద ప్రభావం చూపగలదు.

ఇవి రక్తంలో కూడా చెక్కుచెదరకుండా ఉంటాయని 2008లో తేలినప్పుడు పరిశోధకులకు నిజంగా ఆశ్చర్యమే. ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసే ఎంజైములు రక్తం నిండా ఉంటాయి. అయినా ఇవి నిలబడతాయి. కొన్ని కణాలు విడిచిన బుల్లి కొవ్వుపొర తిత్తుల్లో దాక్కుంటాయి, కొన్ని ఆర్గోనాట్ అనే ప్రొటీన్‌ను అంటిపెట్టుకుని ఉంటాయి, కొన్ని రక్తంలో కొవ్వును మోసే హెచ్‌డీఎల్ రేణువుల మీద ప్రయాణిస్తాయి. అవయవం లోపలి వార్త రక్తంలో దొరుకుతుందన్న ఆశ అక్కడి నుంచే పుట్టింది.

కాలేయం విషయంలో ఆ ఆశకు గట్టి కారణం ఉంది. మిర్-122 అనేది దాదాపుగా కాలేయ కణాలకే పరిమితమైన మైక్రోఆర్‌ఎన్‌ఏ. కాలేయంలోని మొత్తం మైక్రోఆర్‌ఎన్‌ఏలో సుమారు 70 శాతం ఇదే. ఇంతగా ఒకే అవయవానికి చెందిన గుర్తు రక్తంలో దొరకడం అరుదు. కాలేయ కణం దెబ్బతింటే ఇది బయటికి వస్తుంది. పారాసిటమాల్ మోతాదు మించినవారిలో ఏఎల్‌టీ కంటే ముందే పెరుగుతుందని కూడా చూశారు. ఫ్యాటీ లివర్ ఉన్న పెద్దవాళ్లలోనూ, ఊబకాయం ఉన్న పిల్లల్లోనూ సగటున ఎక్కువగా ఉంటుందని ఒకటికి మించిన అధ్యయనాలు చెప్పాయి. దీనితోపాటు తరచూ వినిపించే పేర్లు మిర్-34ఏ, మిర్-192, మిర్-21. వీటిలో మిర్-34ఏ కథ బాగుంటుంది. అది సర్ట్-1 అనే ప్రొటీన్‌ను అణచివేస్తుంది. కొవ్వును కరిగించే దారులను తెరిచి ఉంచేవాటిలో సర్ట్-1 ఒకటి. అంటే మిర్-34ఏ పెరగడం వ్యాధికి ఒక గుర్తు మాత్రమే కాదు, వ్యాధి నడకలో దానికీ చేయి ఉండొచ్చు.

ఇక్కడ చాలామంది తడబడే విషయం ఒకటుంది. ఫ్యాటీ లివర్ ముదిరినవాళ్ల రక్తంలో మిర్-122 పెరుగుతుంది, కానీ అదే మనుషుల కాలేయం లోపల అది తగ్గుతుంది. రెండూ బయాప్సీ, రక్తం కలిపి చూసిన అధ్యయనాల్లో కనిపించినవే. ఎలుకల్లో మిర్-122ను పూర్తిగా తీసేస్తే కాలేయంలో కొవ్వు చేరి, మచ్చ కట్టి, చివరికి క్యాన్సర్ వస్తుందని 2012లో చూపించారు. అంటే కాలేయానికి అది మంచి చేసేదే. రక్తంలో ఎక్కువ ఉందంటే ఆ కణాలు దాన్ని పోగొట్టుకుంటున్నాయని అర్థం. అందుకే 'మిర్-122 తగ్గిస్తాం' అని ఎవరైనా పొడులో మాత్రలో అమ్మజూపితే మీకు అనుమానం రావాలి. రక్తంలో అంకె తగ్గించడం లక్ష్యం కాదు.

సరే, ఇది కాలేయం నుంచి వచ్చేదే, వ్యాధిలో పెరిగేదే అయినప్పుడు ఎందుకు వద్దంటున్నాను? మొదటి కారణం, మిర్-122 చెప్పేది చాలావరకు మీ చేతిలో ఉన్న ఏఎల్‌టీ ఇప్పటికే చెప్పేసింది. రెండూ కాలేయ కణం దెబ్బతిన్నప్పుడు బయటికి కారేవే. ఒకటి పెరిగినప్పుడు రెండోదీ పెరుగుతుంది. కొత్త పరీక్ష నిలబడాలంటే ఆరోగ్యవంతులకూ రోగులకూ తేడా చూపిస్తే చాలదు. ఏఎల్‌టీ, బరువు, నడుము కొలత, వయసు తెలిశాక కూడా ఇంకేదైనా అదనంగా చెప్పగలగాలి. పిల్లల అధ్యయనాలను నేను చదివేటప్పుడు ముందు వెతికేది ఈ పోలికనే. చాలావాటిలో అది ఉండదు, ఉన్నచోట మెరుగు కొద్దిగానే కనిపిస్తుంది.

రెండో కారణం ఇంకా ముఖ్యం. మీ బాబు భవిష్యత్తును నిర్ణయించేది కాలేయంలో కొవ్వు ఎంతుంది అన్నది కాదు, ఫైబ్రోసిస్, అంటే మచ్చ, మొదలైందా లేదా, మొదలైతే ఎంతవరకు వెళ్లింది అన్నది. పొగను చూసి లోపల నిప్పు ఉందని చెప్పొచ్చు, ఇంట్లో ఎన్ని దూలాలు కాలాయో చెప్పలేం. ఏఎల్‌టీ గానీ మిర్-122 గానీ ఈ రోజు ఎంత పొగ వస్తోందో చెబుతాయి. మచ్చ బాగా ముదిరి, దెబ్బతినడానికి మిగిలిన కణాలే తగ్గిపోతే రెండూ కిందికి రావొచ్చు కూడా. 'దశ చెబుతాం' అన్న ల్యాబ్ మాటకూ, ఆ అంకె నిజంగా కొలిచేదానికీ ఉన్న దూరం ఇదే.

పనిలో పనిగా, గ్రేడ్ 1 అన్న మాట గురించి. అల్ట్రాసౌండ్ గ్రేడ్ కాలేయం ఎంత తెల్లగా కనిపించింది అన్నదాన్నిబట్టి వేసిన కొవ్వు అంచనా. అది జబ్బు దశ కాదు. గ్రేడ్ 1 కదా అని నిశ్చింతగా ఉండకూడదు, గ్రేడ్ 3 అన్నారని గుండె జారిపోనక్కర్లేదు. పైగా కొవ్వు 20 శాతం లోపు ఉన్నప్పుడు అల్ట్రాసౌండ్ చాలాసార్లు దాన్ని పట్టుకోలేదు. కొవ్వును కచ్చితంగా కొలిచేది ప్రత్యేకమైన ఎంఆర్‌ఐ. బయాప్సీ కూడా సంపూర్ణం కాదు, తీసే ముక్క మొత్తం కాలేయంలో సుమారు యాభైవేలవ వంతు.

మూడో కారణం సాంకేతికమైనది. దీనిమీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే రిపోర్టు కాగితం మీద ఇది ఎక్కడా కనిపించదు. పిల్లల దగ్గర రక్తం తీయడం ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఊబకాయం ఉన్న బిడ్డలో నరం దొరకదు, సన్నని సూది వాడతారు, సిరంజిని గట్టిగా లాగుతారు. ఎర్ర కణాలు కొన్ని పగులుతాయి. ఎర్ర కణాల నిండా మిర్-451, మిర్-16 ఉంటాయి. కంటికి ఎరుపు కనిపించనంత తక్కువగా పగిలినా లెక్క మారిపోతుంది. రక్తం తీశాక సెంట్రిఫ్యూజ్‌లో తిప్పడానికి ఆలస్యమైతే ప్లేట్‌లెట్లు తమ మైక్రోఆర్‌ఎన్‌ఏను వదులుతాయి. రక్తం గడ్డకట్టాక మిగిలే సీరంలో వచ్చిన అంకె, గడ్డకట్టనివ్వకుండా వేరుచేసిన ప్లాస్మాలో వచ్చిన అంకె ఒకటి కావు. రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ ఉన్న ట్యూబులో తీస్తే, కొలిచే పీసీఆర్ రసాయన చర్యకే అది అడ్డుపడుతుంది, అందుకే ఈడీటీఏ అనే వేరే పదార్థం ఉన్న ట్యూబు వాడతారు.

ఆ తర్వాత కొలత ప్రశ్న. పీసీఆర్‌లో ఒక్కో చక్రానికి నకళ్లు రెట్టింపవుతాయి. కాబట్టి ఒక్క చక్రం తేడా అంటే ఫలితం రెండింతలో, సగమో. ఆ అంకెను దేనితో పోల్చాలి? హిమోగ్లోబిన్‌కు ఉన్నట్టు అందరూ ఒప్పుకున్న ప్రమాణం దీనికి లేదు. కొందరు బయటినుంచి పురుగు మైక్రోఆర్‌ఎన్‌ఏను కొలిచి కలిపి దానితో పోలుస్తారు. కొందరు రక్తంలో ఎప్పుడూ ఉండే మిర్-16తో పోలుస్తారు. కానీ ఫ్యాటీ లివర్‌లో మిర్-16 కూడా పెరుగుతుందని వేరే అధ్యయనాలు చెప్పాయి, ఎర్ర కణాలు పగిలితే అది మరీ పెరుగుతుంది. కొలబద్దే సాగుతుంటే కొలత ఏమవుతుంది? నమూనాలో ఎర్ర కణాలు పగిలి ఉంటే మిర్-16తో పోల్చిన మిర్-122 ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది, అంటే జబ్బున్న బిడ్డకు 'బాగానే ఉంది' అన్న రిపోర్టు రావొచ్చు. మీరు ఆ ల్యాబ్‌ను ఒక్క ప్రశ్నే అడగాలనుకుంటే ఇది అడగండి: హీమోలిసిస్, అంటే ఎర్ర కణాలు పగలడం, ఉందో లేదో ఎలా చూస్తారు, దేనితో నార్మలైజ్ చేస్తారు, అంటే అంకెను దేనితో పోలుస్తారు? మంచి పరిశోధనశాల మిర్-451, మిర్-23ఏ నిష్పత్తి చూస్తామనో, ఇంకో పద్ధతి ఉందనో చెబుతుంది. సమాధానం రాకపోతే ఆ అంకెను నమ్మడానికి ఆధారం లేదు.

అధ్యయనాల తీరు కూడా చెప్పాలి. ఒకేసారి 700 మైక్రోఆర్‌ఎన్‌ఏలు కొలిచి, రెండు గుంపుల మధ్య 5 శాతం నియమంతో, అంటే కాకతాళీయంగా కనిపించే అవకాశం 5 శాతం లోపుంటే నిజమనుకునే పద్ధతిలో, తేడా వెతికితే, అసలు తేడా ఏమీ లేకపోయినా 35 దాకా 'తేడా ఉంది' అని తేలతాయి. దీన్ని సరిదిద్దే పద్ధతులు ఉన్నాయి, కానీ గుంపుకు కొద్దిమంది పిల్లలే ఉంటే అవీ పూర్తిగా కాపాడలేవు. ఒక దేశపు పిల్లల్లో బయటపడ్డ జాబితా ఇంకో దేశంలో అచ్చంగా తిరిగి రాకపోవడానికి ఇదొక కారణం. యుక్తవయసు ఇంకొకటి. ఆ వయసులో సహజంగానే ఇన్సులిన్ నిరోధకత పెరుగుతుంది, హార్మోన్లు మారతాయి. పదేళ్ల పిల్లనూ పదహారేళ్ల అబ్బాయినీ ఒకే గీతతో కొలవలేం.

పెద్దవాళ్లలో మాత్రం ఒక అడుగు ముందుకు పడింది, అది చెప్పకపోతే అన్యాయం. మిర్-34ఏ, ఆల్ఫా-2 మాక్రోగ్లోబులిన్, వైకేఎల్-40 అనే రెండు రక్త ప్రొటీన్లు, సుమారు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ, ఈ నాలుగింటిని కలిపి ఎన్‌ఐఎస్4 అనే స్కోరు 2020లో వెలువడింది. వాపు, మచ్చ రెండూ ఉన్నవాళ్లను వేరుచేయడంలో అది బాగా పనిచేసింది. మైక్రోఆర్‌ఎన్‌ఏ ఒంటరిగా కాకుండా ఇతర గుర్తులతో కలిసి నడవాలన్నది దానిలో నాకు నచ్చిన సంగతి. కానీ దాన్ని పిల్లలకు తెచ్చి అంటించలేం. ఆల్ఫా-2 మాక్రోగ్లోబులిన్ ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనే పెద్దవాళ్లకంటే రెండు మూడు రెట్లు ఉంటుంది. పెద్దల గీత పెడితే ఆడుతూ పాడుతూ తిరిగే బిడ్డ కూడా జబ్బుమనిషిలా కనిపించవచ్చు. వ్యాధి రూపమే వేరు కూడా. పెద్దవాళ్లలో వాపు, మచ్చ సాధారణంగా కేంద్ర సిర చుట్టూ మొదలైతే, పిల్లల్లో, ముఖ్యంగా చిన్నవాళ్లలో, కాలేయంలోకి రక్తం తెచ్చే పోర్టల్ నాళాల వైపు మొదలవడం తరచూ చూస్తాం.

ఇప్పుడు ఒక లెక్క. 2015లో ప్రచురించిన ఒక సమీక్ష ప్రకారం మామూలు జనాభాలోని పిల్లల్లో సుమారు 7.6 శాతం మందికి, ఊబకాయం క్లినిక్‌లకు వచ్చేవారిలో సుమారు 34 శాతం మందికి ఫ్యాటీ లివర్ ఉంటుంది. ఊహకు, జబ్బున్న వందమందిలో 80 మందిని పట్టుకుని, లేని వందమందిలో 80 మందిని సరిగ్గా లేదని చెప్పే పరీక్ష ఉందనుకుందాం. క్లినిక్‌కు వచ్చిన వందమందికి చేస్తే 27 మందికి నిజమైన పాజిటివ్, 13 మందికి ఉత్త పాజిటివ్ వస్తాయి. అదే పరీక్షను బడిలో వెయ్యిమంది మామూలు పిల్లలకు చేస్తే 61 నిజమైనవి, 185 ఉత్తవి. అంటే పాజిటివ్ వచ్చిన ప్రతి నలుగురిలో ముగ్గురు అనవసరంగా భయపడతారు. పరీక్ష మారలేదు, చేయించుకున్నవాళ్లు మారారు. 'ఖచ్చితత్వం 80 శాతం' అని కరపత్రంలో చదివినప్పుడు ఎవరి మీద చూశారో అడగాలి.

ఇక మీ బాబు సంగతి. 2017లో ఉత్తర అమెరికా పిల్లల జీర్ణకోశ నిపుణుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఏఎల్‌టీ పై హద్దు మగపిల్లలకు 26, ఆడపిల్లలకు 22. చాలా ల్యాబుల రిపోర్టుల్లో 40 అనో 45 అనో ఉంటుంది, అది పెద్దల హద్దు. దాన్ని చూసి ఎంతోమంది పిల్లల ఏఎల్‌టీని నార్మల్ అని పక్కన పెట్టేస్తున్నారు. నాకు బాధ కలిగించే విషయం ఇది. కొత్త పరీక్షలకోసం పరుగెత్తేముందు ఉన్న పరీక్షనే సరిగ్గా చదివితే ఎక్కువమంది పిల్లలు బాగుపడతారు. మీ బాబుది 58, పై హద్దుకు రెట్టింపు దాటింది. మూడు నెలలకు పైగా అలాగే కొనసాగితే, ఇది ఫ్యాటీ లివరే అని అనుకుని కూర్చోకుండా మిగతా కారణాలు వెతకాలి. 80 దాటితే అంత ఆగకూడదు.

మిగతా కారణాలంటే హెపటైటిస్ బీ, సీ, రాగి పేరుకునే విల్సన్ వ్యాధి, సొంత రోగనిరోధక శక్తే కాలేయాన్ని దెబ్బతీసే ఆటోఇమ్యూన్ హెపటైటిస్, గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ వ్యాధి, థైరాయిడ్ లోపం, స్టెరాయిడ్లు, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ వంటి మందులు. వీటిలో విల్సన్ వ్యాధిని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. అది కూడా కాలేయంలో కొవ్వుగానే కనిపిస్తుంది, దానికి మందుంది, తప్పిపోతే ప్రమాదం. లావుగా ఉన్న బిడ్డకు విల్సన్ వ్యాధి రాకూడదని లేదు. మిర్-122 వీటిని ఒకదాన్నుంచి ఒకటి వేరుచేయలేదు, కాలేయం ఏ కారణంతో దెబ్బతిన్నా అది పెరుగుతుంది. మీరు మైక్రోఆర్‌ఎన్‌ఏకు పెట్టే ఖర్చును, ఇచ్చే రక్తాన్ని విల్సన్ వ్యాధి కోసం చేసే సెరులోప్లాస్మిన్ పరీక్షకు, మిగతా ఈ పరీక్షలకు పెట్టండి. షుగర్, హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, బీపీ కూడా చూడాలి. మచ్చ గురించి అనుమానం ఉంటే డాక్టరు ఎలాస్టోగ్రఫీ, అంటే కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్, చేయిస్తారు. బయాప్సీ అవసరమయ్యే పిల్లలు తక్కువే. అవసరమని మీ డాక్టరు చెబితే, ఏ ప్రశ్నకు జవాబు కోసమో అడిగి తెలుసుకుని ఒప్పుకోండి.

చికిత్సలో గట్టి ఆధారం ఉన్నది తిండి, కదలిక. 2019లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో ఫ్యాటీ లివర్ ఉన్న 40 మంది మగపిల్లలను తీసుకుని, సగంమందికి ఎనిమిది వారాలు కలిపిన చక్కెరను మొత్తం కేలరీల్లో 3 శాతం లోపుకు తగ్గించారు. కాలేయంలోని కొవ్వు 25 శాతం నుంచి 17 శాతానికి దిగింది. మామూలుగా తిన్నవాళ్లలో 21 నుంచి 20కి. అక్కడ ఇంటిల్లిపాదికీ ఆ భోజనమే పెట్టారు, బిడ్డ ఒక్కడికే వేరే కంచం పెట్టలేదు. మీ ఇంట్లోనూ అలాగే చేయండి. తీపి పానీయాలు, డబ్బా పండ్లరసాలతో సహా, ఇంట్లోకి రానివ్వకపోవడం మొదటి పని. షుగర్ మందు మెట్‌ఫార్మిన్‌ను, విటమిన్-ఈని ఉత్తుత్తి మాత్రతో పోల్చిన 'టానిక్' (TONIC) అనే పేరున్న ప్రయోగంలో, 2011లో, ఏఎల్‌టీని నిలకడగా తగ్గించడంలో ఏదీ ఉత్తుత్తి మాత్రకంటే మెరుగు కాలేదు. బయాప్సీలో మాత్రం విటమిన్-ఈతో కొంత మేలు కనిపించింది. డాక్టరు చెప్పకుండా అది మొదలుపెట్టకండి. బాబును లావు అంటూ బంధువుల ముందు మాట్లాడకండి. ఈ జబ్బులో జన్యువుల పాత్ర కూడా ఉంది. పీఎన్‌పీఎల్ఏ3 అనే జన్యువులోని ఒక మార్పు ఉన్నవాళ్లలో, అదే బరువు దగ్గర కూడా, కొవ్వు ఎక్కువ చేరుతుంది. ఇది వాడి తప్పు కాదు.

మైక్రోఆర్‌ఎన్‌ఏకు రేపు చోటు దొరుకుతుందని నేను అనుకునే సందర్భం ఒకటి ఉంది. ఏఎల్‌టీ కండరాల్లో కూడా ఉంటుంది. డుషేన్ కండర క్షీణత ఉన్న మగపిల్లలు పెరిగిన ఏఎల్‌టీతో కాలేయ క్లినిక్‌ల చుట్టూ తిరగడం మా విభాగాల్లో తెలిసిన విషయమే. గట్టి ఆట ఆడిన మర్నాడు కూడా ఏఎల్‌టీ కొంచెం లేస్తుంది. మిర్-122 కాలేయానిదే కాబట్టి ఇలాంటిచోట స్పష్టత ఇవ్వగలదు. ఈ రోజుకైతే, కండరాలు దెబ్బతింటే పెరిగే ఎంజైమును కొలిచే సీపీకే అనే మామూలు పరీక్ష ఆ పని చేసిపెడుతుంది. మీ బాబుకు ఏఎల్‌టీ మళ్లీ చేయించేటప్పుడు, ముందు రెండు మూడు రోజులు విపరీతమైన వ్యాయామం లేకుండా చూసుకోండి.

ఆ ల్యాబ్ కాకుండా, ఏదైనా బోధనాసుపత్రి నైతిక కమిటీ అనుమతితో చేస్తున్న అధ్యయనంలో చేరమని అడిగితే మాత్రం నా మాట వేరు. అక్కడ మీరు డబ్బు కట్టరు, మామూలుగా తీసే రక్తంలోనే కొంచెం ఇస్తారు, ఫలితాన్నిబట్టి చికిత్స మార్చరు. పిల్లల సమాచారం తక్కువగా ఉండటమే ఈ రంగానికి పెద్ద అడ్డంకి, ఒకే బిడ్డను ఏళ్ల తరబడి అనుసరించినది మరీ తక్కువ. బాబుకు కూడా అర్థమయ్యేలా చెప్పి, వాడు సరేనంటే చేర్చండి.

ఇంకొక్క విషయం, మీరు అడగలేదు గానీ. ఇంట్లో బాబుకు తోబుట్టువులుంటే, వాళ్లకూ బరువు ఎక్కువగా ఉంటే, వాళ్ల ఏఎల్‌టీ కూడా ఒకసారి చూపించండి, మీ ఇద్దరిదీ చూపించుకోండి. ఇది కుటుంబాల్లో కలిసి కనిపించే జబ్బు. రెండోసారి చేసిన ఏఎల్‌టీ, సెరులోప్లాస్మిన్ వచ్చాక ఆ అంకెలు, ల్యాబు హద్దులు, రక్తం తీసిన తేదీతో సహా ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.